లూథరన్లు, ఆర్.సి.ఎం.లు: జర్మనీ తగువు, ఆదివాసీ భూమి

మన ఏజెన్సీ పల్లెల్లో క్రైస్తవులైన వాళ్ళను "మీది ఏ సంఘం?" అని అడిగితే కొందరు లూథరన్ అంటారు, కొందరు ఆర్.సి.ఎం. అంటారు. తేడా ఏమిటని అడిగితే మాత్రం "వాళ్ళు మరియమ్మకు మొక్కుతారు, మేం మొక్కం" అన్నంతవరకే జవాబు వస్తుంది. మాటలు కూడా వేరు. ఒకరిది బాప్తిస్మం, ఇంకొకరిది జ్ఞానస్నానం. ఒకరికి పాస్టరుగారు, ఇంకొకరికి ఫాదరుగారు. విశాఖపట్నానికి కాథలిక్ ఫాదర్లు 1846లో వచ్చారు. సాలూరు, కోరాపుట్ వైపు ఉత్తర జర్మనీలోని బ్రెక్లుం నుంచి లూథరన్లు 1880లలో వచ్చారు. వాళ్ళ మధ్య ఉన్న తగువు అంతకు మూడు వందల ఏళ్ల ముందే పుట్టింది.

1517 అక్టోబరు 31న జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌లో మార్టిన్ లూథర్ అనే సన్యాసి 95 వాదాంశాలు రాసి ఆర్చిబిషప్పుకు పంపాడు. అప్పట్లో పాపపరిహార పత్రాలు అమ్మేవాళ్ళు. అవి కొంటే చనిపోయినవాళ్ళకు ఉత్తరించు స్థలంలో శిక్ష తగ్గుతుందని జనానికి చెప్పేవాళ్ళు. ఆ డబ్బులో సగం రోములో సెయింట్ పీటర్ గుడి కట్టడానికి పోయేది. మిగతాది ఆ ఆర్చిబిషప్పు పదవి కోసం ఫుగ్గర్ అనే షావుకార్ల దగ్గర చేసిన అప్పుకు పోయేది. అప్పు, షావుకారు, కాగితం. ఈ మూడింటి గురించి ఆదివాసీకి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

పత్రాల గొడవ కింద అసలు ప్రశ్న వేరే ఉంది. పాపి అయిన మనిషి దేవుడి ముందు నీతిమంతుడు ఎలా అవుతాడు? కేవలం విశ్వాసం వల్ల అన్నాడు లూథర్. క్రీస్తు నీతిని దేవుడు మన పేర రాస్తాడు, మంచి పనులు ఆ తర్వాత చెట్టుకు కాయల్లా వస్తాయి. కాథలిక్కులు పనులు చేసి మోక్షం కొనుక్కోవచ్చంటారని కొందరు లూథరన్లు చెబుతుంటారు, అది తప్పు. ట్రెంట్ మహాసభ 1547లో తేల్చిన ప్రకారం వాళ్ళకూ మొదటి అడుగు దేవుడి కృపే. అయితే ఆ కృప మనిషిని లోపల నిజంగా మారుస్తుంది, మనిషి దానికి సహకరించాలి, విశ్వాసానికి ప్రేమ తోడవ్వాలి అంటారు. నేను పిల్లలకు ఇలా చెబుతాను: లూథరన్లకు అది కోర్టులో విడుదల తీర్పు లాంటిది, కాథలిక్కులకు జబ్బు నయం కావడం లాంటిది. 1999లో ఆగ్స్‌బర్గ్‌లో రెండు పక్షాలూ కూర్చొని ఈ విషయంలో మూల సత్యాల వరకు మన మాట ఒకటేనని సంతకాలు చేశాయి. ఈ సంగతి ఇంకా చాలా పల్లెలకు చేరలేదు.

మిగతా తేడాలు ఉన్నాయి. లూథర్‌కు ఆఖరి మాట బైబిలుది. కాథలిక్కులకు బైబిలుతోపాటు సంఘ సంప్రదాయం, పోపు బోధనాధికారం కూడా ప్రమాణాలే. వాళ్ళ బైబిల్లో 73 పుస్తకాలు, లూథరన్లు సాధారణంగా వాడే దానిలో 66. అక్కడ ఏడు సంస్కారాలు, ఇక్కడ ముఖ్యంగా రెండు. దివ్యసత్ప్రసాదంలో రొట్టె మారిపోయి క్రీస్తు శరీరమే అవుతుందని కాథలిక్కులు నమ్ముతారు. రొట్టె రొట్టెగా ఉంటూనే అందులో క్రీస్తు శరీరం నిజంగా ఉంటుందని లూథరన్లు నమ్ముతారు. ఫాదర్లు పెళ్లి చేసుకోరు, లూథర్ 1525లో చేసుకున్నాడు. ఇద్దరూ పసిపిల్లలకు బాప్తిస్మం ఇస్తారు, పది ఆజ్ఞలను ఒకే వరసలో లెక్కపెడతారు. ఈ రెండు విషయాల్లో లూథరన్లు బాప్టిస్టుల కంటే కాథలిక్కులకే దగ్గర.

లూథర్ పెళ్లి చేసుకున్న ఆ 1525లోనే జర్మనీ రైతులు దొరల మీద తిరగబడ్డారు. వాళ్ళు రాసుకున్న పన్నెండు కోరికల్ని మనవాళ్ళు తప్పక తెలుసుకోవాలి. అడవిలో కట్టెలు కొట్టుకోవాలి, వేటాడుకోవాలి, ఏట్లో చేపలు పట్టుకోవాలి, దొరలు లాక్కున్న ఊరుమ్మడి భూములు తిరిగి ఇవ్వాలి, మమ్మల్ని బానిసలుగా చూడకూడదు. దేవుడి ముందు అందరూ సమానమన్న లూథర్ తమ పక్షాన నిలుస్తాడని అనుకున్నారు. మొదట రెండు వైపులవాళ్ళకూ బుద్ధి చెప్పాడు. తర్వాత రైతుల్ని అణచివేయమని దొరలకే రాశాడు. వేలమంది రైతులు చచ్చారు. సొంత భాషలో బైబిలు ఇచ్చిన మనిషిగా లూథర్ మీద నాకు గౌరవం ఉంది, కానీ ఈ ఒక్క చోట ఆయన్ని వెనకేసుకురాలేను.

అడవి, భూమి అన్న ఆ ప్రశ్నే ఛోటానాగపూర్‌లో మళ్ళీ లేచింది. 1845లో బెర్లిన్ నుంచి గోస్నర్ పంపిన లూథరన్లు రాంచీ చేరారు. గోస్నర్ ఒకప్పుడు కాథలిక్ ఫాదరే, 1826లో సంఘం మారాడు. 1850లో నలుగురు ఉరావ్‌లు మొదటి బాప్తిస్మం పొందారు. జమీందార్ల నుంచి, వెట్టి నుంచి మిషన్ కాపాడుతుందన్న ఆశతో ముండాలు, ఉరావ్‌లు చాలామంది చేరారు. భూమి పోరాటం చేసే సర్దార్లకు ఆ పాస్టర్ల మీద క్రమంగా నమ్మకం పోయింది. 1885లో కాన్‌స్టంట్ లీవెన్స్ అనే బెల్జియం జెస్యూట్ తోర్పా వచ్చాడు. కౌలు చట్టాలు చదివి, కోర్టు కేసుల్లో రైతులకు సాయం చేశాడు. జనం వేలల్లో అటు వెళ్లారు, లూథరన్లలోనూ కొందరు వెళ్లారు. విశ్వాసమా, క్రియలా అని తూచి ఎవరూ మారలేదు. పట్టా ఎవరు నిలబెడతారో చూశారు. అది ఆశ అని కొందరు తీసిపారేస్తారు. భూమి పోయేవాడికి అది తిండి సంగతి.

బిర్సా ముండా చాయిబాసాలో జర్మన్ మిషన్ బడిలో చదివాడు. తర్వాత రెండు మిషన్లనూ కాదని 1895 నుంచి తన దారి తాను పట్టి, 1900లో రాంచీ జైల్లో చనిపోయాడు. ఆ తిరుగుబాటు తర్వాతే 1908లో ఛోటానాగపూర్ కౌలు చట్టం వచ్చింది. ముండాల ఖుంట్‌కట్టి భూముల హక్కు అందులోకి రావడంలో జర్మన్ జెస్యూట్ హాఫ్‌మన్ చేయి ఉంది. ముండారీ భాషకు పెద్ద విజ్ఞాన సర్వస్వం కూర్చినది కూడా ఆయనే.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. జర్మన్లు శత్రువులన్నారు ఇంగ్లీషువాళ్ళు. గోస్నర్ మిషన్ లూథరన్లనూ పంపేశారు, కాథలిక్ హాఫ్‌మన్‌నూ పంపేశారు. 1919లో గోస్నర్ సంఘం తన కాళ్ల మీద తాను నిలబడింది. దాన్ని నడిపినవాళ్ళు ఉరావ్‌లు, ముండాలు.