చెట్టుకు కాసిన పక్షి, మనిషిని కన్న హంస

చెట్టుకు కాసిన పక్షిని తినవచ్చా? మధ్యయుగాల ఐరోపాలో యూదు మతపండితులు ఎంతో శ్రద్ధగా చర్చించిన ప్రశ్న ఇది.

చలికాలం రాగానే బ్రిటన్, ఐర్లాండ్ తీరాల్లో బార్నకిల్ బాతులు గుంపులుగా దిగేవి. వాటి గూడు గానీ గుడ్డు గానీ అక్కడ ఎవరి కంటా పడలేదు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన దుంగలకు మాత్రం మెడలాంటి కాడతో గుల్లజీవులు వేలాడుతుండేవి. వాటిలోంచే ఈ పక్షులు పుడతాయని, అంటే చెట్టుకే కాస్తాయని జనం నమ్మారు. ఇది మాంసం కాదంటూ కొందరు క్రైస్తవ గురువులు ఉపవాస దినాల్లోనూ తింటున్నారని 12వ శతాబ్దంలో వేల్స్‌కు చెందిన జెరాల్డ్ రాశాడు.

యూదులకు చిక్కు మరీ పెద్దది. పక్షి అయితే శాస్త్రప్రకారం కోయాలి. చేపకు రెక్కలు, పొలుసులు ఉండాలి. గుల్లజీవులు పూర్తిగా నిషిద్ధం. 1171లో మరణించిన పండితుడు రబ్బేను తామ్, ఈ బాతును పక్షిలాగే కోయాలన్నారు. 13వ శతాబ్దంలో కార్బెయ్‌కు చెందిన రబ్బీ ఇస్హాక్ గుల్లజీవిగా లెక్కగట్టి వద్దన్నారు. 1565లో అచ్చయిన యూదు ధర్మశాస్త్ర గ్రంథం ‘షుల్హాన్ ఆరూఖ్’ చెట్టుకు ముక్కుతో వేలాడే పక్షులను పాకే ప్రాణుల్లో చేర్చి నిషేధించింది. విన్న కథ తప్పే కావచ్చు, ‘ఇది ఎలా పుట్టింది?’ అని పట్టుబట్టిన ఆ పండితుల నిజాయతీ గొప్పది. అసలు ఆ బాతులు గుడ్లు పెట్టేది గ్రీన్‌లాండ్, స్వాల్‌బార్డ్ వంటి ఆర్కిటిక్ ప్రాంతాల కొండచరియల మీద.

పుట్టుక కథకూ పళ్లెంలోని తిండికీ ఉన్న ఈ ముడి జంషెడ్‌పూర్ తెలుగువారికి ఇరుగుపొరుగులోనే కనిపిస్తుంది. 1908లో అక్కడి సాక్చి దగ్గర ఉక్కు కర్మాగారం పనులు మొదలయ్యే నాటికే ఈ ప్రాంతంలో ఉన్న సంతాలీ ఆదివాసుల్లో హాంస్దా ఒక గోత్రం. దాని చిహ్నం అడవి హంస. గోత్ర చిహ్నమైన ప్రాణిని చంపకూడదు, తినకూడదు అన్నది పాత కట్టుబాటు.

సంతాలీల సృష్టిగాథలోనూ ఆ పక్షిదే పెద్దపీట. అంతటా నీరే ఉన్న కాలంలో సృష్టికర్త ఠాకుర్ జియు హాంస్, హాంసిల్ అనే జంటకు ప్రాణం పోశాడు. వానపాము మట్టి తెచ్చి తాబేలు వీపు మీద పోస్తే నేల ఏర్పడింది. ఆ జంట పెట్టిన రెండు గుడ్ల నుంచి పిల్చూ హాడామ్, పిల్చూ బుఢీ పుట్టారు. మానవజాతికి వారే తొలి దంపతులు. కొలేయాన్ అనే సంతాలీ గురువు 1871లో చెప్పగా మిషనరీ స్క్రెఫ్స్‌రూడ్ రాసుకున్న ఈ గాథ 1887లో అచ్చయింది.

పుస్తకం ఉందిలే అని ఊరుకోకండి. సంతాలీ పెద్దలు పరిచయమున్నవారు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి, ఈ కథ వారి నోటనే వినండి.