నక్కల వేట – ఎలుకల వేట

చరిత్రలో వేట అనగానే మనకు రాజులూ గుర్రాలూ స్ఫురిస్తాయి. కృష్ణా డెల్టాలో వరి పొట్టకు వచ్చే రోజుల్లో బుట్టలూ గునపమూ పట్టుకొని గట్ల వెంట నడిచే యానాది వేటగాడుగా స్ఫురించడు. అతను చేసేది కూలిపని, వాళ్ళు చేసేది క్రీడ. ఈ విభజన ఎవరు చేశారో తెలియాలంటే కొంచెంసేపు ఇంగ్లండు పొలాల్లోకి వెళ్ళిరావాలి.

ఇంగ్లండులో నక్క మొదట క్రీడామృగం కాదు. 1566లో ఎలిజబెత్ పార్లమెంటు చేసిన ధాన్యరక్షణ చట్టంలో అది ఎలుకలూ కాకులతో కలిపి చీడ జంతువు. తలకు ఇంత అని వెల కట్టారు: నక్క తలకు పన్నెండు పెన్నీలు, మూడు ఎలుకల తలలకు ఒక పెన్నీ. ఆ డబ్బు గ్రామ చర్చి పెద్దలు చెల్లించాలి. జింకలు తరిగి, అడవులు కొట్టి పొలాలకు కంచెలు వేసుకున్న పద్ధెనిమిదో శతాబ్దంలోనే నక్క ప్రభువుల వినోదానికి ఎక్కివచ్చింది.

ఇక్కడొక చిక్కు వచ్చింది. ఇతరుల చేలు తొక్కుకుంటూ గుర్రాల మీద పోవడానికి ప్రభువులకు హక్కేమిటి? 1786లో గండ్రీ, ఫెల్తాంల వ్యాజ్యంలో న్యాయస్థానం దారి చూపింది. నక్క చీడ గనుక, దాన్ని తరుముతూ పరుల భూమిలో ప్రవేశించడం నేరం కాదు! ఇలా సరదాకు లోకోపకారం ముసుగు దొరికింది. మరి చీడను నిర్మూలించారా? నక్కలు తరిగిపోతే వేట ఆగిపోతుంది కనుక వాటికోసం పొదలు పెంచారు. చాలక ఐరోపా ఖండం నుంచి దిగుమతి చేసుకున్నారు. లండన్ లెడెన్‌హాల్ బజారులో నక్కలు అమ్మకానికి దొరికేవి. తన కోళ్ళను తిన్న నక్కను రైతు కాల్చి చంపితే పెద్దమనుషుల లోకం అతన్ని వెలివేసినంత పని చేసేది. 1809లో ఎసెక్స్ ప్రభువుకూ కేపెల్‌కూ జరిగిన వ్యాజ్యంలో మాత్రం ఈ ముసుగు తొలగింది. అది వినోదమేగాని చీడ నివారణ కాదని తేలింది. అయినా వేట ఆగలేదు. కుక్కలతో నక్కల వేటను ఇంగ్లండు, వేల్సులలో నిషేధించే చట్టం 2004లో వచ్చి 2005లో అమలయింది.

గండ్రీ తీర్పు వచ్చిన రెండేళ్ళకే, 1788లో, మరో వ్యాజ్యం నడిచింది. సఫోక్ జిల్లా టిమ్‌వర్త్ గ్రామంలో మేరీ హౌటన్ అనే స్త్రీ కోత కోసిన పొలంలో పరిగె ఏరుకుంది. పొలం యజమాని స్టీల్ కోర్టుకు వెళ్ళాడు. పరిగె ఏరుకునే హక్కు చట్టంలో పేదలకు లేదని న్యాయమూర్తుల్లో అధికులు తేల్చారు. గుర్రం మీద వచ్చినవాడికి పరుల చేను తొక్కే హక్కుంది. ఒడి పట్టుకొని వచ్చినదానికి రాలిన గింజ ఏరుకునే హక్కు లేదు! ఆస్తిహక్కు పవిత్రమని మనకు పాఠాలు చెప్పిన న్యాయశాస్త్రం ఇదే.

ఆ దొరలే మన దేశానికి వచ్చారు. ఇక్కడ ఇంగ్లండు నక్క లేకపోవడంతో ఊటీ కొండల్లో గుంటనక్కలను తరిమారు. సరదా మారలేదు, జంతువే మారింది. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయింది. కాలువలు పారాయి, డెల్టా వరిమయమైంది. వరితో పాటు ఎలుకా పెరిగింది. పొలంలో బొరియ తవ్వే పందికొక్కు జాతి ఎలుక తినేదానికన్నా పాడుచేసేది ఎక్కువ. పొట్ట మీదున్న దుబ్బును మొదట్లో కొరికి పడేస్తుంది. పంట పండాక వెన్నులు తెంచి కలుగులో దాచుకుంటుంది.

దాన్ని పట్టడం యానాదుల విద్య. సాయంత్రం గట్ల వెంబడి బుట్టలు పెట్టి తెల్లవారగానే చూసుకుంటారు. లేదా కలుగుకు ఊదర పెడతారు. కుండలో గడ్డి కూరి నిప్పంటించి, మూతిని కన్నానికి ఆనించి, కుండకున్న చిల్లి నుంచి పొగను లోపలికి ఊదుతారు. ఏ కన్నం పాతది, ఏది కొత్తది, ఎలుక ఎటు దూకి పారిపోతుంది అన్నది తాజా మట్టిని చూసి చెప్పగలరు. ఇది తరాల అనుభవం నుంచి పుట్టిన శాస్త్రం. దీన్ని ‘నైపుణ్యం లేని కూలి’ అనే లెక్కలో వేయడం మన అక్షరాస్యుల అజ్ఞానం. కూలి ఎలుకకు ఇంత అని గాని, ఎకరానికి ఇంత అని గాని. మాంసం తిండికి. కలుగు తవ్వితే దొరికిన ధాన్యం కూడా తిండికే. ఆసామి చేలో పండి, ఎలుక దొంగిలించి, యానాది తవ్వి తీసిన ఆ గింజ ఎవరిది? మేరీ హౌటన్ ఏరిన పరిగె ఎవరిదో అదీ వారిదే అని నా అభిప్రాయం.

రాత్రివేళ పొలాల్లో తిరిగేవాడి మీద ఎప్పుడూ అనుమానమే. 1871 నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికి విస్తరించింది. సంచార జాతులను పుట్టుకతోనే దొంగలుగా పట్టీలకెక్కించింది. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టూవర్టుపురం సెటిల్‌మెంటు, ఎరుకల వారికి సంబంధించి, ఆ చట్టం మన నేల మీద మిగిల్చిన గుర్తు. చట్టం 1952లో రద్దయింది. అనుమానం రద్దు కాలేదు. నెల్లూరు ప్రాంతంలో వెన్నెలకంటి రాఘవయ్యగారు యానాదుల మధ్య జీవితాంతం పనిచేసి, 1962లో వారి మీద పుస్తకం రాయవలసి వచ్చిందంటే అందుకే.

తరవాత మందులు వచ్చాయి. జింకు ఫాస్ఫైడు, ఆపైన బ్రోమోడయోలోన్. అందరూ ఒకేసారి పెడితే ఫలితం ఉంటుంది. ఒక్క రైతు పెడితే పక్క చేలోంచి ఎలుకలు మళ్ళీ వస్తాయి. బ్రోమోడయోలోన్ తిన్న ఎలుకను తిన్న గుడ్లగూబకూ విషమే ఎక్కుతుంది. చెరుకుతోటల్లో ఎలుకలు పట్టి తినే గుంటనక్క కూడా రైతు సహాయకుడేనన్నది మనం ఆలస్యంగా గుర్తించాం. ఇంతలో డెల్టాలో ఎన్నో వరిచేలు చేపల చెరువులయ్యాయి. బుట్టలు మోసిన చేతులు బయానా అప్పు తీసుకొని చెరువుగట్టు మీద కాపలాకు కుదిరాయి. వెట్టి చాకిరీ రద్దు చట్టం 1976 నాటిది. చెరువుగట్టు గుడిసెలో ఆ సంవత్సరం ఎవరికీ తెలియదు.

మన డెల్టా కథల్లో కాలువ ఉంది, లాకు ఉంది, ఆసామి ఉన్నాడు, పాలేరు ఉన్నాడు. ఊదర కుండ పట్టుకొన్న మనిషి తారసపడటం అరుదు. తారసపడినా ఎలుక తినేవాడనే వింతగానే తప్ప, పంట కాపాడినవాడుగా కాదు. ఈ ఏడాదీ కార్తీకంలో వాళ్ళు గట్ల మీదే ఉంటారు, తెల్లవారుజామున బుట్టలు లెక్కపెట్టుకుంటూ.