అక్కి: రోగనిరోధక శక్తి తగ్గినవారిలో చికిత్స చరిత్ర

చిన్నప్పుడు వచ్చిపోయిన ఆటలమ్మ మళ్లీ తిరగబెడితే దాన్ని అక్కి అంటారు. రెంటికీ కారణం వారిసెల్లా జోస్టర్ అనే ఒకే వైరస్. పొక్కులు మానినా వైరస్ ఒంటిని వదలదు. వెన్నుపాము పక్కనుండే నాడుల ముడుల్లో ఏళ్ల తరబడి దాగి ఉంటుంది. ఒంట్లో కాపలా సడలితే ఆ నాడి వెంబడే పైకి వచ్చి, నడుముకో ఛాతీకో ఒక పక్క పట్టీ వేసినట్టు మంటతో నీటిపొక్కులు లేపుతుంది. క్యాన్సర్ మందులు వాడేవారిలో, అవయవ మార్పిడి చేయించుకున్నవారిలో, హెచ్‌ఐవీ ఉన్నవారిలో ఆ పట్టీ హద్దు దాటి ఒళ్లంతా పాకవచ్చు. ఊపిరితిత్తులకు, కాలేయానికి, మెదడుకు సోకవచ్చు.

అక్కి లేస్తే కుమ్మరి దగ్గర ఎర్రమన్ను పూయించుకోవడం తెలుగు పల్లెల్లో పాత వాడుక. చాలామందిలో తనంతట తానే తగ్గే జబ్బు కాబట్టి పూతకు మంచి పేరే వచ్చింది. నిరోధక శక్తి లేనివారి దగ్గర ఆ పేరు నిలబడదు.

అక్కి ఉన్నవారి నుంచి పిల్లలకు ఆటలమ్మ సోకుతోందని 19వ శతాబ్దం చివర బుడాపెస్ట్ వైద్యుడు బోకాయ్ గమనించాడు. 1950లలో థామస్ వెల్లర్ ఈ వైరస్‌ను ప్రయోగశాలలో పెంచాడు. వయసుతో నిరోధక శక్తి తగ్గినకొద్దీ దాగిన వైరస్ లేస్తుందని 1965లో వివరించినవాడు ఇంగ్లండులో మామూలు ఊరి డాక్టరు, హోప్ సింప్సన్.

కారణం తెలిసినా అప్పటికి మందు లేదు. 1976లో రిచర్డ్ విట్లీ బృందం నిరోధక శక్తి తగ్గిన రోగుల్లో విడరబిన్ పనిచేస్తుందని చూపింది. అయితే అది నీళ్లలో సరిగా కరగదు; సెలైన్ సీసాల కొద్దీ కలిపి గంటల తరబడి ఎక్కించాలి. అసలే నీరసించిన రోగికి అదో శిక్ష.

దారి మార్చింది ఎసైక్లోవిర్. గెర్‌ట్రూడ్ ఎలియన్ ఆధ్వర్యంలో బరోస్ వెల్‌కమ్ సంస్థ తయారుచేసిన ఈ మందు కిటుకు ఇది: వైరస్ సొంత ఎంజైమే దాన్ని పనిలోకి దింపుతుంది, అందువల్ల వైరస్ లేని కణాల జోలికి పెద్దగా పోదు. 1982లో అమెరికాలో అనుమతి వచ్చింది. విడరబిన్ కన్నా ఇదే మేలని 1986లో తేలింది. ఎలియన్‌కు 1988లో నోబెల్ దక్కింది. ఈనాడు అందరూ వాడే మాత్ర వెనుక ఆనాటి క్యాన్సర్, ఎముకమజ్జ మార్పిడి రోగుల మీద జరిగిన పరీక్షలున్నాయన్నది మరవకూడదు.

ఎయిడ్స్ వచ్చాక కథ అడ్డం తిరిగింది. నెలల తరబడి మానని, ఉలిపిరికాయల్లా గట్టిపడిన పుండ్లలో ఎసైక్లోవిర్‌కు లొంగని వైరస్ కనిపించింది. అలాంటివారికి ఫోస్కార్నెట్ దిక్కయింది. పనిలోకి దిగడానికి దానికి వైరస్ ఎంజైమ్ అక్కర్లేదు, కాని మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పడుచువారికి అక్కి వస్తే హెచ్‌ఐవీ పరీక్ష రాయడం వైద్యులకు అలవాటైంది. 2004లో భారత ప్రభుత్వం హెచ్‌ఐవీని అదుపుచేసే ఏఆర్‌టీ మందులను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు హెచ్‌ఐవీ ఎక్కువున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఒంట్లో శక్తిని తిరిగి నిలబెట్టే ఆ మందులే అక్కికి అసలు అడ్డుకట్ట.

టీకా సంగతి వింతగా నడిచింది. 2006లో వచ్చిన జోస్టావాక్స్‌లో బతికున్న, బలహీనపరిచిన వైరస్ ఉండేది. కనుక టీకా ఎవరికి ఎక్కువ అవసరమో వారికే వేయకూడదు! వైరస్ పైపొర ప్రోటీన్ ఒక్కటే వాడిన షింగ్రిక్స్ 2017లో వచ్చాకే ఆ చిక్కు వీడింది. నిరోధక శక్తి తగ్గిన 18 ఏళ్లు దాటినవారికి దీన్ని 2021లో అమెరికా అనుమతించింది. భారతదేశంలో 2023 నుంచి దొరుకుతోంది. రెండు డోసులు వేయించుకోవాలి.

చికిత్స పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలవ్వాలన్నది సాధారణ నియమం. నిరోధక శక్తి తగ్గినవారికి ఆ గడువు దాటినా మందు ఆపరు. పొక్కులు పాకుతుంటే ఆసుపత్రిలో చేర్చి ఎసైక్లోవిర్‌ను నరం ద్వారా ఎక్కిస్తారు.