అంకెలు చెప్పిన సాక్ష్యం

1930 డిసెంబరు 10, బుధవారం. న్యూయార్క్‌లోని బ్రాంక్స్. బ్యాంక్ ఆఫ్ యునైటెడ్ స్టేట్స్ శాఖ ముందు జనం పోగవుతున్నారు. బ్యాంకు మునిగిపోతోందన్న పుకారు అప్పటికే పేటంతా పాకింది. మధ్యాహ్నానికి వీధి వేలమందితో నిండిపోయింది. పొట్ట చేతబట్టుకుని వలస వచ్చిన యూదులు, కుట్టుపనివాళ్లు, చిల్లర వర్తకులు... అందరిదీ ఒకటే ఆత్రం, దాచుకున్న సొమ్ము చేతికి రావాలి.

మర్నాడు బ్యాంకు తలుపులు తెరుచుకోలేదు. నాలుగు లక్షల మందికి పైగా ఖాతాదారుల కష్టార్జితం లోపల చిక్కుబడిపోయింది.

అన్నా జాకబ్సన్ పుట్టింది ఆ బ్రాంక్స్‌లోనే, 1915లో. అప్పటికి ఆమెకు 15 ఏళ్లు. పెళ్లయ్యాక ఆమే అన్నా ష్వార్ట్జ్ అయింది. అలాంటి పతనాలతో ముదిరిన 1930ల మహామాంద్యం ఎందుకు అంత పెద్దదైందో ముప్పై ఏళ్ల తర్వాత రుజువులతో లోకం ముందు పెట్టిన ఇద్దరిలో ఆమె ఒకరు.

పదిహేనేళ్ల తపస్సు

18 ఏళ్లకే డిగ్రీ పూర్తిచేసిన అన్నా, 1941లో న్యూయార్క్‌లోని నేషనల్ బ్యూరో ఆఫ్ ఎకనమిక్ రిసెర్చ్‌లో చేరింది. కొన్నేళ్లకు షికాగో ప్రొఫెసర్ మిల్టన్ ఫ్రీడ్‌మన్ ఆమెకు తోడయ్యాడు. ఆయన అక్కడ, ఆమె ఇక్కడ. పని చాలామటుకు ఉత్తరాల మీదే నడిచింది.

అడగవలసిన ప్రశ్న చిన్నదే. ఫలానా నెలలో అమెరికా ప్రజల చేతుల్లో, బ్యాంకు ఖాతాల్లో కలిపి డబ్బెంత ఉంది? జవాబు ఎక్కడా సిద్ధంగా లేదు. పాత బ్యాంకు నివేదికలు, రాష్ట్రాల అధికారుల రికార్డులు, పత్రికల్లో వచ్చిన పట్టికలు తిరగేసి, పొంతన కుదరని చోట సరిచూసి, 1867 నుంచి ఒక్కో అంకెనూ కూర్చుకుంటూ రావాలి. నలుగురు పిల్లల తల్లి అన్నా ఆ భారమంతా మోసింది. పని ఆమెదైతే పేరు తనకొచ్చిందని ఫ్రీడ్‌మనే తర్వాత ఒప్పుకున్నాడు.

తీర్పు తిరగబడింది

1963లో వాళ్ల 'అమెరికా ద్రవ్య చరిత్ర' వెలువడింది. మహామాంద్యాన్ని ఎవరూ ఆపగలిగేవారు కాదనీ, అప్పట్లో డబ్బు చవగ్గానే దొరికిందనీ చాలామంది పండితులు నమ్మే రోజులవి. అంకెలు వేరే మాట చెప్పాయి. 1929 నుంచి 1933 లోపు దేశంలోని డబ్బు మూడో వంతుకు పైగా హరించుకుపోయింది. వేల బ్యాంకులు మూతపడ్డాయి.

బ్యాంకులు ఆపదలో పడితే అప్పిచ్చి నిలబెట్టడానికే 1913లో ఫెడరల్ రిజర్వ్ పుట్టింది. అవసరమైన వేళ అది తగినంత డబ్బు వ్యవస్థలోకి పంపలేదు. పైగా 1931 అక్టోబరులో, బంగారం తరలిపోతుందన్న భయంతో, అందులో భాగమైన న్యూయార్క్ రిజర్వ్ బ్యాంకు వడ్డీ రేటును ఒకటిన్నర శాతం నుంచి మూడున్నర శాతానికి పెంచింది. ఇల్లు తగలబడుతుంటే నూతికి తాళం వేసినట్టయింది. మామూలు మాంద్యం మహామాంద్యమైంది అందుకేనని ఆ పుస్తకం వాదించింది.

అంత పని చేసిన మనిషికి కొలంబియా విశ్వవిద్యాలయం డాక్టరేటు ఇచ్చింది 1964లో, పుస్తకం వచ్చిన మరుసటి ఏడాది. 1976లో ఫ్రీడ్‌మన్‌కు నోబెల్ వచ్చింది. అన్నాకు రాలేదు.

ఒప్పుకోలు

2002 నవంబరు 8. షికాగో విశ్వవిద్యాలయంలో ఫ్రీడ్‌మన్ 90వ పుట్టినరోజు సభ. ఫెడరల్ రిజర్వ్ గవర్నర్లలో ఒకరైన బెన్ బెర్నాంకీ మైకు ముందుకొచ్చాడు. విద్యార్థిగా ఆ పుస్తకం చదివే అతను మాంద్యం మీద పరిశోధనకు దిగాడు. మిల్టన్, అన్నా అని ఇద్దరినీ పేరుపెట్టి పిలిచాడు. మీరన్నది నిజం, ఆ తప్పు మాదే, క్షమించండి, మీ పుణ్యమా అని మళ్లీ చేయం అన్నాడు.

ఆరేళ్లకే ఆ మాటకు పరీక్ష వచ్చింది. 2008 సెప్టెంబరులో పెట్టుబడుల బ్యాంకు లీమన్ బ్రదర్స్ కూలింది. అప్పటికి బెర్నాంకీయే ఫెడరల్ రిజర్వ్ ఛైర్మన్. డిసెంబరుకల్లా వడ్డీ రేటును దాదాపు సున్నాకు దించి, డబ్బు పారించాడు. 1930ల నాటి కుప్పకూలడం మళ్లీ జరగలేదు.

అయినా 92 ఏళ్ల అన్నా చప్పట్లు కొట్టలేదు. ఈసారి జబ్బు డబ్బు కొరత కాదు, ఏ బ్యాంకు నిలుస్తుందో ఏది మునుగుతుందో తెలియని అపనమ్మకం అంది ఆమె. మునిగేవాటిని మునగనివ్వాలి అని బెర్నాంకీనే బహిరంగంగా విమర్శించింది. తన పుస్తకాన్ని తలకెత్తుకున్నవాడని మొహమాటపడలేదు. 2012లో కన్నుమూసేదాకా ఆమె తీరు అదే.

పరిశోధన విలువను బిరుదులతో కొలిచే అలవాటు మనకుంది. అన్నా ష్వార్ట్జ్ జీవితం ఇంకో కొలత చూపిస్తుంది. ఓపిగ్గా పోగుచేసిన నిజమైన అంకెలకు, ఎంత బలమైన సంస్థ చేతనైనా తప్పు ఒప్పించే శక్తి ఉంది. బ్యాంకులో నాలుగు రూపాయలు దాచుకున్న ప్రతి సామాన్యుడూ అలాంటి విద్వాంసులకు రుణపడి ఉంటాడు.