రోడ్డుకు అటువైపు పైపుల గ్యాస్ ఉంది, ఇటువైపు లేదెందుకు? కంపెనీల సరిహద్దులు ఎవరు గీస్తారు, గొడవొస్తే ఎవరు తేలుస్తారు?

ఎదురు కాలనీలో ఇంటింటి గోడ మీదా పసుపు రంగు గ్యాస్ పైపు కనిపిస్తోంది. మీ బాల్కనీలోంచి చూస్తే నలభై అడుగుల దూరం కూడా ఉండదు. మనకూ కనెక్షన్ ఇస్తారేమోనని ఆ కంపెనీకి ఫోన్ చేస్తే, 'మీ ఏరియా మా పరిధిలోకి రాదండీ' అంటారు. మీ ఏరియా ఎవరి పరిధిలోకి వస్తుందో కనుక్కుని ఆ కంపెనీని అడిగితే, 'అక్కడికి ఇంకా లైన్ రాలేదు' అంటారు. మీరు మళ్లీ సిలిండర్ బుక్ చేసుకుంటారు.

నగరం అంచుల్లో ఉండే చాలామందికి ఇది అనుభవమే. ఇది సిబ్బంది నిర్లక్ష్యం మాత్రమే అనుకుంటే పొరపాటు. గ్యాస్ కంపెనీల మధ్య గీసిన ఒక గీత మీ వీధి మీదుగా పోతోంది. ఆ గీత ఎక్కడుందన్న విషయంలో కంపెనీలు కొట్లాడుకుని సుప్రీంకోర్టు దాకా వెళ్లిన సందర్భాలూ ఉన్నాయి.

ఒక ప్రాంతానికి ఒకే కంపెనీ ఎందుకు?

మొబైల్ సిమ్ అయితే ఒకే ఇంట్లో నాలుగు కంపెనీలవి ఉండొచ్చు. గ్యాస్‌కు అది కుదరదు. భూమిలో పైపు వేయడానికే అసలు ఖర్చంతా. ఒకే వీధిలో ఇద్దరు తవ్వి రెండు పైపులు వేస్తే, ఉన్న వందిళ్లను ఇద్దరూ పంచుకోవాలి. పెట్టుబడి రెట్టింపవుతుంది, చివరికి ఆ భారం బిల్లులోకే వస్తుంది. దానికి తోడు భద్రత. రెండు కంపెనీల పైపులు పక్కపక్కనే ఉన్న చోట గ్యాస్ వాసన వస్తే, ఎవరి వాల్వ్ కట్టేయాలో తేల్చుకునే లోపే ప్రమాదం జరిగిపోవచ్చు.

అందుకే 2006లో పార్లమెంటు చేసిన పెట్రోలియం, సహజ వాయువు నియంత్రణ మండలి చట్టం ఒక పద్ధతి పెట్టింది. ఈ మండలినే పీఎన్‌జీఆర్‌బీ అంటారు. ఇది దేశాన్ని 'భౌగోళిక ప్రాంతాలు'గా విడగొట్టి, ఒక్కో ప్రాంతాన్ని బిడ్డింగ్ ద్వారా ఒక్కో కంపెనీకి అప్పగిస్తుంది. వ్యవహారంలో వీటిని 'జీఏ'లు అంటారు. ఇప్పటికి 300కు పైగా జీఏలు ఉన్నాయి. గెలిచిన కంపెనీకి ఆ ప్రాంతంలో పైపుల నెట్‌వర్క్ వేసే ప్రత్యేక హక్కు 25 ఏళ్లు ఉంటుంది. ఆ నెట్‌వర్క్‌లో తానొక్కటే గ్యాస్ అమ్ముకునే హక్కు మాత్రం అంతకాలం ఉండదు. మొదట్లో బిడ్డింగ్‌లో గెలిచినవారికి ఇది ఐదేళ్లుగా ఉండేది. 2018లో జరిగిన తొమ్మిదో రౌండ్ నుంచి ఎనిమిదేళ్లు చేశారు, పనితీరు బాగుంటే పదేళ్ల దాకా పొడిగిస్తారు.

అదే తొమ్మిదో రౌండ్‌లో బిడ్లకు మార్కులు వేసిన తీరు చూస్తే, సరిహద్దు కోసం కంపెనీలు ఎందుకంత పట్టుబడతాయో అర్థమవుతుంది. ఎన్ని ఇళ్లకు కనెక్షన్ ఇస్తామని మాటిస్తే దానికి సగం, అంటే 50 శాతం మార్కులు. సీఎన్‌జీ బంకులకు 20 శాతం. కాబట్టి లెక్కలు వేసుకుని బిడ్ చేసిన కంపెనీకి ఒక పారిశ్రామికవాడో, నాలుగు పెద్ద గేటెడ్ కమ్యూనిటీలో పక్క జీఏలోకి పోతే, ఇచ్చిన మాటా తప్పుతుంది, రావాల్సిన రాబడీ తగ్గుతుంది.

'మినహా' అన్న ఒక్క మాట

జీఏ అంటే జిల్లాయే కదా అని చాలామంది అనుకుంటారు. కాదు. చిత్తూరు, కోలార్, వెల్లూరు జిల్లాలు మూడు రాష్ట్రాలవి, కానీ మూడూ కలిపి ఒకే జీఏ. మరోవైపు ఒకే జిల్లాలో రెండు జీఏలు ఉన్న చోట్లూ ఉన్నాయి. చిక్కులు ఎక్కువగా ఇక్కడే.

విజయవాడ సంగతే చూడండి. గెయిల్, హెచ్‌పీసీఎల్ కలిసి పెట్టిన భాగ్యనగర్ గ్యాస్ హైదరాబాద్‌తో పాటు విజయవాడ, కాకినాడల్లోనూ ముందే పని మొదలుపెట్టింది. తర్వాత కృష్ణా జిల్లాకు బిడ్లు పిలిచినప్పుడు ఆ జీఏ పేరులోనే 'ఇప్పటికే అనుమతి ఇచ్చిన ప్రాంతం మినహా' అని చేర్చారు. అది మేఘా సంస్థకు దక్కింది. కాకినాడను మినహాయించిన తూర్పు గోదావరి ఇలాగే గోదావరి గ్యాస్‌కు వెళ్లింది. కాగితం మీద ఇది సుళువే. కానీ నగరం కాగితం చూసి పెరగదు. అనుమతి ఇచ్చిన నాడు చేలుగా ఉన్న చోట పదేళ్లకు అపార్ట్‌మెంట్లు లేస్తాయి. నగరం అంటే పాత మున్సిపల్ హద్దా, కొత్తగా విలీనమైన గ్రామాలతో కలిపిన హద్దా అన్న ప్రశ్న వస్తుంది.

జిల్లాల పునర్విభజన ఇంకో మెలిక. తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31 అయ్యాయి, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. కలెక్టరేట్ మారినంత మాత్రాన గ్యాస్ హద్దు దానంతట అది మారదు. మండలి ఇచ్చిన అనుమతి పత్రం, దానికి జత చేసిన మ్యాపు, ఈ రెండే ఆధారం. అందుకే మీ ఆధార్‌లో ఏ జిల్లా ఉందో చూసి మీ గ్యాస్ కంపెనీ ఏదో చెప్పడం అన్ని చోట్లా కుదరదు.

సనంద్‌లో ఏం జరిగింది?

ఈ తగాదాల్లో అందరూ ఉదాహరణగా చెప్పేది గుజరాత్‌లోని సనంద్. నానో కార్ల ఫ్యాక్టరీతో మనకు తెలిసిన ఊరే. దాని కథ అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

పీఎన్‌జీఆర్‌బీ రాకముందు గ్యాస్ కంపెనీలు రాష్ట్ర ప్రభుత్వం దగ్గర నిరభ్యంతర పత్రం, మున్సిపాలిటీ దగ్గర రోడ్డు తవ్వే అనుమతి తీసుకుని పైపులు వేసేవి. గ్యాస్ మీద అధికారం తమదేనని గుజరాత్ 2001లో సొంత చట్టం కూడా చేసుకుంది. రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో 25వ అంశం 'గ్యాస్, గ్యాస్ వర్క్స్' అనే ఉంది మరి. కానీ 2004 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దీన్ని ఒప్పుకోలేదు. ఆ అంశంలోకి వచ్చేది ఫ్యాక్టరీలో తయారు చేసే గ్యాస్ అనీ, భూమిలోంచి వచ్చే సహజ వాయువు, దాన్ని ద్రవంగా మార్చిన ఎల్‌ఎన్‌జీ పూర్తిగా కేంద్రం పరిధిలోవేననీ తేల్చింది. ఆ తీర్పుతో రాష్ట్రాలిచ్చిన పత్రాల విలువ ఏమిటన్న సందేహం మొదలైంది.

అహ్మదాబాద్‌లో అదానీ గ్యాస్ అప్పటికే పైపులు వేసి గ్యాస్ ఇస్తోంది. ఇప్పుడు దాని పేరు అదానీ టోటల్ గ్యాస్. రాష్ట్రం ఇచ్చిన నిరభ్యంతర పత్రమే దానికి ఆధారం. కొత్త చట్టం వచ్చాక మండలి ఆ కంపెనీకి అహ్మదాబాద్ నగర ప్రాంతానికి అనుమతి ఇచ్చింది కానీ, సనంద్, బావ్లా, ధోల్కాలను అందులోంచి తీసేసింది. ఆ మూడింటినీ అహ్మదాబాద్ జిల్లా జీఏలో చేర్చింది. ఆ జీఏ గుజరాత్ గ్యాస్‌కు వెళ్లింది. మేం ముందే అక్కడ పెట్టుబడి పెట్టాం, చట్టం ప్రకారం మాకు అనుమతి ఉన్నట్టే లెక్క అని అదానీ వాదించింది. హైకోర్టులో ఓడి సుప్రీంకోర్టుకు వెళ్లింది.

2021 సెప్టెంబరు 28న తీర్పు వచ్చింది. అందులో రెండు మాటలు ముఖ్యం. ఒకటి, 'అనుమతి ఉన్నట్టే లెక్క' అన్న సౌకర్యం కేంద్ర ప్రభుత్వం అనుమతించిన కంపెనీలకే తప్ప, రాష్ట్రం ఇచ్చిన నిరభ్యంతర పత్రంతో పనిచేసిన వారికి రాదు. రెండు, ఆ మూడు ప్రాంతాలు లేకుండా ఇచ్చిన అనుమతిని తీసుకుని వ్యాపారం చేసుకుంటూనే, అందులోని షరతు చెల్లదని తర్వాత అనడం కుదరదు. అప్పీలును కొట్టేశారు.

అంటే ముందు ఎవరు పైపు వేశారన్నది ఒక్కటే హక్కు ఇవ్వదు. మనకు ఇది కొంచెం వింతగానే ఉంటుంది, పొలం తగాదాల్లో కూడా 'అనుభవంలో ఎవరున్నారు' అనే కదా ముందు అడుగుతారు. కానీ ఈ తీర్పు లేకపోయుంటే, ప్రతి కంపెనీ పక్క జీఏలోకి రెండు కిలోమీటర్ల పైపు ముందే పాతేసి, ఇది మాదేనని కూర్చునేది.

గీతలు మరోలా గీసిన చోట్లు

మ్యాపు మీద గందరగోళం రాకుండా కంటికి కనిపించే హద్దు పెట్టుకోవడం ఒక దారి. గురుగ్రామ్‌లో రెండు కంపెనీలున్నాయి. అక్కడ సోహ్నా రోడ్డును హద్దుగా తీసుకుని, పడమర వైపు ఇంద్రప్రస్థ గ్యాస్‌కు ఇచ్చారు. రోడ్డు, వాగు, రైల్వే లైను లాంటివి హద్దయితే వాచ్‌మన్‌ను అడిగినా చెబుతాడు. సర్వే నంబర్ల హద్దయితే కంపెనీ ఇంజినీరుకూ తడబాటే.

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం పశ్చిమ ప్రాంతం దీనికి పూర్తి భిన్నమైన అనుభవం చూసింది. పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల కొన్ని వీధుల్లో రెండు కంపెనీల పైపులూ ఉండేవి, వినియోగదారుల కోసం పోటీ పడి తగ్గింపులిచ్చేవి. వినడానికి బాగానే ఉంది. కానీ తగ్గింపు దక్కింది రెండు పైపులూ ఉన్న వీధివారికి. రెండు నెట్‌వర్క్‌ల నిర్వహణ ఖర్చు మాత్రం మిగతా అందరి బిల్లుల్లో కూడా పడుతుంది. చివరికి 2013లో పీపుల్స్ అనే కంపెనీ తన పోటీదారు ఈక్విటబుల్ గ్యాస్‌ను కొనేయడంతో ఆ పోటీ చాలావరకు ముగిసింది.

ఫ్లోరిడా పద్ధతి నాకు ఎక్కువ నచ్చుతుంది. అక్కడ కంపెనీలు తమలో తాము సరిహద్దు ఒప్పందం చేసుకోవచ్చు, కానీ రాష్ట్ర కమిషన్ ఆమోదిస్తేనే చెల్లుతుంది. ఒప్పందం కుదరకపోతే కమిషనే తేలుస్తుంది. ఆ ప్రాంతానికి సేవలందించే సామర్థ్యం ఎవరికుంది, పైపు తేవడానికి ఎవరికి ఎంత ఖర్చవుతుంది, అక్కడ జనాభా ఎలా పెరగబోతోంది అని చూస్తుంది. అన్నీ ఇంచుమించు సమానంగా ఉంటే వినియోగదారు ఎవరిని కోరుకుంటున్నారో అడుగుతుంది. మన దగ్గర వాదనంతా అనుమతి పత్రం చుట్టూ తిరుగుతుంది. తవ్విన గుంత ఎవరి గేటు ముందుందో వారి మాటకు ఆ వాదనలో పెద్దగా చోటు లేదు.

పైపు ఒకరిది, గ్యాస్ ఇంకొకరిది

అమ్మకాలపై ప్రత్యేక హక్కు గడువు తీరాక, మండలి ఆ నెట్‌వర్క్‌ను అందరూ వాడుకునే 'కామన్ క్యారియర్'గా ప్రకటించవచ్చు. అప్పుడు ఇంకో కంపెనీ రవాణా చార్జీ కట్టి అదే పైపులో తన గ్యాస్ పంపి అమ్ముకోవచ్చు. దీనికి నిబంధనలు 2020లో వచ్చాయి. కంపెనీలు దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తూ వస్తున్నాయి. ఇది అమలైతే అమ్మకాల్లో పోటీ వస్తుంది, వీధిలో రెండో పైపు మాత్రం రాదు. ఎదురు కాలనీ కంపెనీ మీకు గ్యాస్ అమ్మే రోజు వచ్చినా, అది మీ జీఏ కంపెనీ పైపులోంచే వస్తుంది. అంటే ముందు ఆ పైపు మీ వీధికి రావాలి.

మీది అంచు కాలనీ అయితే

ముందుగా పీఎన్‌జీఆర్‌బీ వెబ్‌సైట్‌లో జీఏల జాబితా, మ్యాపులు చూడండి. హైదరాబాద్‌కు భాగ్యనగర్ గ్యాస్, పక్కనే మెదక్, సిద్దిపేట, సంగారెడ్డి జిల్లాల జీఏకు టొరెంట్ గ్యాస్ ఉన్నాయి. పటాన్‌చెరు, అమీన్‌పూర్ లాంటి చోట్ల రోజువారీ బతుకంతా హైదరాబాద్‌తోనే అయినా జిల్లా సంగారెడ్డి. అలాంటి చోట మ్యాపు చూడకుండా ఎవరికీ డిపాజిట్ కట్టకండి. ఇల్లు కొంటుంటే బిల్డర్‌ను 'పైప్డ్ గ్యాస్ వస్తుందా' అని కాదు, 'ఏ కంపెనీ, ఏ జీఏ' అని అడగండి. బ్రోషర్‌లో గ్యాస్ పొయ్యి బొమ్మ ఉన్నంత మాత్రాన లైన్ ఉన్నట్టు కాదు.

పరిధి మాది కాదని కంపెనీ అంటే, ఆ మాట రాతపూర్వకంగా, కనీసం ఈమెయిల్‌లో అడిగి తీసుకోండి. రెండు కంపెనీలూ కాదంటే ఆ రెండు ఈమెయిళ్లూ జత చేసి అసోసియేషన్ తరఫున మండలికి రాయొచ్చు. ఏ ప్రాంతం ఎవరిదన్నది తేల్చాల్సింది మండలే. దాని నిర్ణయం మీద అప్పీలు విద్యుత్ వివాదాలు చూసే అప్పిలేట్ ట్రైబ్యునల్‌కు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్తుంది. అయితే ఒక తేడా గుర్తుంచుకోవాలి. డిపాజిట్ కట్టినా కనెక్షన్ ఇవ్వలేదు, బిల్లు తప్పుగా వేశారు, మీటరు సరిగా లేదు లాంటి మీ సొంత ఫిర్యాదులను మండలి తీసుకోదు. చట్టమే వాటిని వినియోగదారుల కమిషన్‌కు పంపమంటోంది. చాలామంది మండలికి రాసి, జవాబు రాక విసిగిపోయేది ఈ తేడా తెలియకే.

హద్దు మారి మీ లైను ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి బదిలీ అయితే, పాత డిపాజిట్ రసీదు, చివరి మీటరు రీడింగ్ ఫొటో దాచుకోండి. పొయ్యి మార్చనక్కర్లేదు, ఏ కంపెనీ అయినా వంటింటి పైపులో ఇచ్చేది దాదాపు 21 మిల్లీబార్ల పీడనమే. మారాల్సింది ఫ్రిజ్ మీద అంటించుకున్న ఎమర్జెన్సీ నంబరు. రాత్రి పూట గ్యాస్ వాసన వస్తే పాత కంపెనీకి ఫోన్ చేసి ఉపయోగం ఉండదు, వాల్వ్ తాళం ఇప్పుడు కొత్తవారి దగ్గర ఉంటుంది.