గాలివానకు నిలిచే పశువుల పాక: గుంజల ఎంపిక నుంచి రేకుల బిగింపు దాకా

గుంజలు పాతి, పైన దూలాలు, వాసాలు వేసి, రేకులో తాటాకో కప్పే పశువుల పాక మన ప్రాంతంలో అన్నిటికంటే తక్కువ ఖర్చుతో అయ్యే కట్టడం. గోడలు అవసరం లేదు, గాలి బాగా ఆడుతుంది, అవసరమైతే పొడిగించుకోవచ్చు. అయితే నాలుగైదేళ్లకే గుంజలు మొదట్లో పుచ్చిపోవడం, గాలివానకు రేకులు లేచిపోవడం తరచుగా చూస్తుంటాం. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాన్ల సమయంలో ఉత్తరాంధ్రలో తేలికపాటి పైకప్పులు పెద్ద సంఖ్యలో దెబ్బతిన్నాయి. తెలంగాణ, రాయలసీమల్లో ఏప్రిల్, మే నెలల ఈదురు గాలులు కూడా ఇదే పని చేస్తాయి. పాక కూలితే పోయేది రేకులు మాత్రమే కాదు, కింద కట్టేసి ఉన్న పాడి పశువులు కూడా.

పాక సాధారణంగా మూడు చోట్ల దెబ్బతింటుంది: గుంజ నేలను తాకే చోట, గుంజకు దూలం కలిసే చోట, చూరు అంచున. ఖర్చు పెట్టగలిగిన ప్రతి రూపాయీ ముందు ఈ మూడు చోట్లకే వెళ్లాలి.

స్థలం, కొలతలు

వాన నీరు నిలవని మెరక స్థలం ఎంచుకోవాలి. పాక నేల చుట్టుపక్కల కంటే కనీసం ఒక అడుగు ఎత్తు ఉండాలి. పెద్ద చెట్ల కింద, కరెంటు తీగల కింద కట్టవద్దు. వేడి ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో పాక పొడవు తూర్పు పడమరలుగా ఉంటే మధ్యాహ్నం ఎండ పశువులపై పడదు.

కప్పు కింద ఆవుకు సుమారు 3.5 చదరపు మీటర్లు, గేదెకు 4 చదరపు మీటర్ల స్థలం కావాలి. ఆరుబయట తిరగడానికి దానికి రెట్టింపు ఉండాలి. పది గేదెలను ఒకే వరుసలో కట్టే పాకకు ఈ కొలతలు సరిపోతాయి:

- పొడవు 40 అడుగులు (గేదెకు 4 అడుగుల చొప్పున).
- వెడల్పు 16 అడుగులు. ముందు వైపు మేత వేసే దారి 6 అడుగులు, మేత తొట్టి 2 అడుగులు, గేదె నిలబడే చోటు ఐదున్నర అడుగులు, మూత్రం కాలువ 1 అడుగు, వెనుక ఒకటిన్నర అడుగులు.
- చూరు దగ్గర ఎత్తు 8 అడుగులు, నడి వెన్ను దగ్గర పదకొండున్నర అడుగులు.
- గుంజలు మూడు వరుసలు. వరుసలో 8 అడుగులకు ఒకటి చొప్పున ఆరు, మొత్తం 18.

ఈ అమరికలో నడి వరుస గుంజలు సరిగ్గా మేత తొట్టి లోపలి అంచున వస్తాయి. రెండేసి గేదెల మధ్య ఒక గుంజ పడుతుంది కాబట్టి నిలబడే చోటుకు అడ్డు రాదు. కట్టు కర్ర బిగించడానికీ అదే పనికొస్తుంది. గుంజల దూరం ముందు నిర్ణయించి తర్వాత పశువులను సర్దితే ఈ సౌకర్యం కుదరదు. పశువు కొలతే ముందు, గుంజ తర్వాత.

ఏ గుంజలు వాడాలి?

కర్ర గుంజలు: భూమిలో ఎక్కువ కాలం నిలిచేది చేవ మాత్రమే. నల్లమద్ది, సండ్ర, టేకు చేవ బాగా మన్నుతాయి. అదే టేకులో బయటి తెల్లకర్ర త్వరగా పుచ్చిపోతుంది. లేత టేకు గుంజలో చేవ చాలా తక్కువ ఉంటుంది కాబట్టి టేకు అన్న పేరు చూసి కొనకుండా, కోసిన చివర చూసి చేవ ఎంత ఉందో గమనించండి. సరుగుడు, జామాయిల్ చవకగా, నిటారుగా దొరుకుతాయి, బలం కూడా ఉంటుంది. కానీ మందు పట్టించకుండా నేలలో పాతితే కొన్నేళ్లలోనే చెదలు, బూజు తినేస్తాయి. తాటి దూలంలో గట్టిదనమంతా బయటి అంచునే ఉంటుంది, లోపలిది మెత్తన. పైన దూలంగా, వాసంగా బాగా పనికొస్తుంది. నేలలో పాతడానికి వాడకపోవడమే మంచిది.

రాతి కూసాలు (కడీలు): రాయి దొరికే ప్రాంతాల్లో ఇవి మంచి ఎంపిక. చెదలు, తడి భయం లేదు. కానీ పక్కకు ఊగే బలానికి రాయి విరుగుతుంది, వంగదు. అందువల్ల పైన బ్రేసింగ్ తప్పనిసరి.

సిమెంటు స్తంభాలు, ఇనుప పైపులు: సిమెంటు స్తంభంలో ఇనుప చువ్వలు బయటికి కనిపిస్తుంటే తీసుకోవద్దు. జి.ఐ. పైపు పైనంతా బాగానే ఉండి, పేడ, మూత్రం తగిలే చోట తుప్పు పడుతుంది. నేల మట్టం నుంచి ఒక అడుగు ఎత్తు వరకు పైపు చుట్టూ కాంక్రీటు కట్టు కడితే ఈ సమస్య తగ్గుతుంది.

నేల మట్టం దగ్గర పుచ్చు ఎందుకు?

గుంజను పీకి చూస్తే అడుగు భాగం గట్టిగానే ఉండి, నేలకు పైన జానెడు, కింద మూరెడు మేర పుచ్చిపోయి ఉంటుంది. కర్రను తినే బూజుకు తడి, గాలి రెండూ కావాలి. లోతున గాలి తక్కువ, పైన తడి నిలవదు. రెండూ కలిసేది నేల మట్టం దగ్గరే. కాబట్టి రక్షణ అక్కడే కావాలి.

1. గుంజను నేలకు తాకించకపోవడం అన్నిటికంటే మేలైన మార్గం. ఆరడుగుల రాతి కూసం లేదా సిమెంటు దిమ్మెను నాలుగడుగులు భూమిలో పాతి, పైకి ఉన్న రెండడుగులకు కర్ర గుంజను ఆనించి రెండు చోట్ల ఇనుప క్లాంపులతో బిగించాలి. కర్ర అడుగు నేలకు రెండు మూడు అంగుళాల పైనే ఆగాలి. కర్ర చెడితే దాన్ని మాత్రమే మార్చుకోవచ్చు, గుంత మళ్లీ తవ్వక్కర్లేదు.
2. కర్రనే పాతాల్సి వస్తే బెరడు పూర్తిగా తీసి, నీడలో రెండు మూడు నెలలు ఆరనివ్వాలి. పాతే భాగానికి, నేల పైన ఒక అడుగు వరకు వేడి తారు రెండు పూతలు వేయాలి. కోసిన అడుగు చివరకు మరువకుండా పట్టించాలి, తడి ఎక్కువగా లాగేది అక్కడే. తడి కర్రకు తారు పూస్తే తేమ లోపలే ఉండి పుచ్చు తొందరవుతుంది.
3. ఒత్తిడితో మందు ఎక్కించిన గుంజలు దొరికితే సరుగుడు, జామాయిల్ కూడా చాలా ఎక్కువ కాలం నిలుస్తాయి. అలాంటి కర్ర ముక్కలను పొయ్యిలో కాల్చకూడదు, మేత తొట్టికి వాడకూడదు.
4. వాడేసిన ఇంజను ఆయిలు పూయడం చాలా ఊళ్లలో ఉంది. అది పైపైనే ఉంటుంది, లోపలికి దిగదు. పశువులు గుంజలను నాకుతాయి కాబట్టి పాకలో దాన్ని వాడవద్దు.

చెదల బెడద ఉన్న నేలల్లో క్లోరోపైరిఫాస్ 20 ఇ.సి. మందును లీటరుకు 19 లీటర్ల నీరు కలిపి, గుంత గోడలు, అడుగు తడిసేలా పోయాలి. చేతులకు తొడుగులు వేసుకోవాలి. పశువులను, పిల్లలను దూరంగా ఉంచాలి. బావి, బోరు పక్కన ఈ మందు పోయకూడదు.

గుంత ఎంత లోతు? గాలి లెక్క ఒకసారి చూడండి

పాక గుంజ మీద బరువు తక్కువే. అసలు పరీక్ష గాలి పైకి లాగే బలం. గాలి భారాలపై ఉన్న భారత ప్రమాణం ఐ.ఎస్. 875 మూడో భాగం ప్రకారం విశాఖపట్నం, విజయవాడ, నెల్లూరుల్లో సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదులో 44, కర్నూలులో 39 మీటర్ల గాలి వేగాన్ని లెక్కలోకి తీసుకోవాలి. 50 మీటర్లంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగానికి చదరపు మీటరుపై సుమారు 150 కిలోల ఒత్తిడి పడుతుంది.

పైన చెప్పిన పాకకు చుట్టూ ఒకటిన్నర అడుగుల చూరు కలిపితే కప్పు విస్తీర్ణం సుమారు 76 చదరపు మీటర్లు. ఆ ఒత్తిడిలో సగం పైకి లాగినా 5.7 టన్నులు. రేకులు, దూలాలు, వాసాలు అన్నీ కలిపి బరువు ముప్పావు టన్ను చుట్టూ ఉంటుంది. అంటే కప్పు తన బరువుతో తాను నిలబడదు, గుంజలే దాన్ని పట్టి ఉంచాలి. నడి వరుసలో ఒక్కో గుంజపై సుమారు 475 కిలోలు, పక్క వరుసల్లో దానిలో సగం లాగుడు పడుతుంది. మూలల్లో ఇంకా ఎక్కువ.

దీనికి తగ్గట్టు గుంత ఇలా వేసుకోవాలి:

- లోతు 4 అడుగులు, వెడల్పు ఒకటిన్నర అడుగులు. అడుగున కొంచెం వెడల్పుగా, పైన ఇరుకుగా తవ్వితే పైకి లేవకుండా మట్టే పట్టుకుంటుంది.
- అడుగున అరడుగు కంకర వేసి దిమ్మిస కొట్టాలి. నీరు కిందికి ఇంకిపోవాలి, గుంజ అడుగున గిన్నెలా నిలవకూడదు.
- గుంజ అడుగు నుంచి ఒక అడుగు పైన రంధ్రం చేసి 12 మిల్లీమీటర్ల ఇనుప చువ్వను అడ్డంగా దూర్చాలి. ఇది లేకపోతే నున్నటి గుంజ కాంక్రీటులోంచి జారి పైకి వచ్చేస్తుంది.
- నడి వరుస గుంతలను నిండా, పక్క వరుస గుంతలను సగం వరకు 1:2:4 కాంక్రీటుతో నింపాలి. మిగతా సగం మట్టిని అరడుగు చొప్పున వేస్తూ గట్టిగా కుదించాలి. మొత్తం 18 గుంతలకు సుమారు 14 బస్తాల సిమెంటు పడుతుంది.
- కాంక్రీటు పైభాగం నేలకు రెండంగుళాల ఎత్తున, గుంజ నుంచి బయటికి వాలుగా ఉండాలి. కాంక్రీటు ఆరాక గుంజ చుట్టూ సన్నటి సందు ఏర్పడుతుంది. దాన్ని తారుతో మూసేయాలి.
- కనీసం వారం రోజులు నీళ్లు పట్టి, ఆ తర్వాతే పైన దూలాలు ఎక్కించాలి.

ఇవి ఈ పాకకు కనీస కొలతలు. నల్లరేగడి నేల ఎండకు బీటలు వారి, వానకు ఉబ్బుతుంది. అక్కడ బీటల లోతు దాటి, గట్టి మొరం తగిలే వరకు తవ్వాలి. గుంజ చుట్టూ పై భాగంలో నల్లమట్టికి బదులు ఇసుక లేదా మొరం నింపాలి. పాక ఇంతకంటే పెద్దదైతే, తీరానికి దగ్గరగా ఉంటే ఇంజనీరు చేత లెక్క చూపించుకోండి.

దూలం, వాసం, బ్రేసింగ్

పంగ ఉన్న గుంజలో దూలం చక్కగా కూర్చుంటుంది. కానీ పంగ దూలాన్ని కిందికి జారకుండా ఆపుతుందే కానీ పైకి లేవకుండా ఆపదు. మేకు కూడా అంతే. గాలికి ఊగి ఊగి మేకు వదులవుతుంది, కొబ్బరి తాడు రెండు మూడు వానలకు చీకిపోతుంది. గుంజకు దూలాన్ని 12 మిల్లీమీటర్ల బోల్టుతో, రెండు వైపులా పెద్ద వాషర్లు వేసి బిగించండి. దూలంపై వాసం, వాసంపై పట్టీ కలిసే ప్రతి చోటా ఇనుప పట్టీ చుట్టి మేకులు కొట్టండి. రేకు నుంచి నేలలోని కాంక్రీటు దాకా లంకె ఎక్కడా తెగకూడదు. ఒక్క చోట తాడు ఉంటే మొత్తం పాక బలం ఆ తాడంతే.

తుఫాను సాగుతున్న కొద్దీ గాలి దిక్కు మారుతుంది. అందుకే పొడవు వైపు, వెడల్పు వైపు రెండింటా ఏటవాలు బ్రేసింగ్ కావాలి. పొడవు వైపు వరుసల్లో రెండు చివరల గదుల్లో గుంజల మధ్య X ఆకారంలో వేయాలి. పశువులు, మనుషులు తిరిగే చోట గుంజ పైభాగం నుంచి దూలానికి రెండున్నర అడుగుల ఏటవాలు కర్రలు బిగిస్తే సరిపోతుంది.

పైకప్పు

- రేకుల కప్పుకు వాలు 22 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటే గాలి లాగుడు తగ్గుతుంది. పై కొలతల్లో 8 అడుగులకు మూడున్నర అడుగుల లేపు ఇచ్చింది అందుకే.
- చూరు ఒకటిన్నర అడుగులకు మించి బయటికి వదలవద్దు. గాలి ముందు పట్టుకునేది చూరునే.
- రేకులకు జె బోల్టుల కంటే యు బోల్టులు మేలు. చూరు, వెన్ను, రెండు చివరల అంచుల దగ్గర బోల్టులు దగ్గర దగ్గరగా వేయాలి. నడుమ కొంచెం ఎడంగా వేసినా ఫరవాలేదు.
- రేకుల పొడవు అతుకు కనీసం అరడుగు, పక్క అతుకు రెండు గట్లు ఉండాలి.
- ఆస్‌బెస్టాస్ రేకులు పెళుసు. గాలికి ముక్కలై పశువులపై పడతాయి. కోసేటప్పుడు వచ్చే దుమ్ము ఊపిరితిత్తులకు హాని. కొత్త పాకకు వాటిని ఎంచుకోవద్దు.
- ఇనుప రేకు కింద వేడి ఎక్కువ. పైన తెల్ల సున్నం పూత వేయడం, కింద గడ్డి తడికలు కట్టడం మేలు. రేకులపై వదులుగా గడ్డి, రాళ్లు పెట్టవద్దు.
- తాటాకు, రెల్లు కప్పుకు 35 నుంచి 45 డిగ్రీల వాలు కావాలి. పైన పాత చేపల వల పరచి, అంచులను దూలాలకు లాగి కడితే కప్పు చెదరదు.

ఏటా చేయాల్సిన తనిఖీ

ఏప్రిల్ మొదట్లో ఒకసారి, సెప్టెంబరు చివర మరోసారి పాక చుట్టూ తిరిగి చూడండి.

- గుంజ మొదట్లో మట్టి జానెడు తీసి గడ్డపార మొనతో గుచ్చండి. అరంగుళం కంటే లోతుగా దిగితే ఆ గుంజను వెంటనే మార్చాలి. బయటికి బాగా కనిపిస్తోందని వదలవద్దు.
- మట్టి గూళ్ల గీతలు గుంజపైకి పాకితే చెదలు పట్టినట్లే.
- బోల్టులన్నీ ఒకసారి బిగించండి. వాషర్లు చిరిగితే మార్చండి.
- గుంజ మొదట్లో పేడ, మేత చెత్త పోగుపడకుండా చూడండి. కర్రను తడిగా ఉంచేది అదే.
- పాకపైకి వంగిన కొమ్మలు కొట్టేయండి.

తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు పాక ఎంత బలంగా ఉన్నా పశువులను కట్టేసి ఉంచవద్దు. పలుపు విప్పి, మెరక ప్రదేశానికి తోలండి. కట్టు విప్పిన పశువు తన ప్రాణం తాను కాపాడుకోగలదు.

కొత్త షెడ్డుకు ప్రభుత్వ సాయం అడగదలచుకుంటే పని మొదలుపెట్టక ముందే మీ పశువైద్యాధికారిని, మండల కార్యాలయాన్ని కలవండి. నిర్ణయించిన కొలతలు అడిగి తెలుసుకుని, పై జాగ్రత్తలను వాటికి కలుపుకోండి. డబ్బు సరిపోకపోతే పాక పొడవు తగ్గించండి, గుంత లోతు మాత్రం తగ్గించవద్దు. పొడవు వచ్చే ఏడాది పెంచుకోవచ్చు.