అక్కడ వంట ఎవరు చేస్తున్నారు?

"మన చుట్టూ ఆడవాళ్ళకి ఇన్ని సమస్యలుండగా ఈ గ్రహాంతరాల కథలెందుకు?" ఈ మధ్య చదువుతున్న పుస్తకాల గురించి చెప్పినప్పుడల్లా మిత్రులు అడిగే ప్రశ్న ఇది. తెలుగులో స్త్రీవాద సాహిత్యం ఎక్కువగా వాస్తవిక రచన మీదే నిలబడింది. వంటింటినీ పడకగదినీ ఉన్నదున్నట్టు చెప్పడమే పెద్ద పోరాటమైన చోట, ఊహాలోకాలు పలాయనంగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. కానీ నేను ఇటీవల చదివిన మూడు రచనలు నన్ను మళ్ళీ ఆ వంటింటి దగ్గరికే తీసుకొచ్చాయి. వాటిని మీతో పంచుకోవాలనిపించింది.

మొదటిది రొకేయా సఖావత్ హుస్సేన్ ఇంగ్లీషులో రాసిన 'సుల్తానాస్ డ్రీమ్'. 1905లో మద్రాసు నుంచి వెలువడే 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో అచ్చయింది. 1901లో ఆ పత్రికను ప్రారంభించిన కమలా సత్యనాథన్ తెలుగు కుటుంబంలో పుట్టిన స్త్రీ. బెంగాల్‌లో పరదా మధ్య పెరిగిన రొకేయా బడి మొహం చూడలేదు. అక్క దగ్గర బెంగాలీ, అన్న దగ్గర ఇంగ్లీషు నేర్చుకుంది. కథ అచ్చయిన ఆ ఏడాదే మన భండారు అచ్చమాంబ కన్నుమూసింది. ఆమె చదువుకీ తోబుట్టువే ఆసరా, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు. స్త్రీలు తెలివితక్కువవాళ్ళన్న మాటకి జవాబు వెతుకుతూ అచ్చమాంబ గతంలోకి వెళ్ళి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' కూర్చింది. అదే మాటకి రొకేయా ఇంకా రాని కాలంలోంచి జవాబు తెచ్చింది. మొదటిదాన్ని చరిత్ర అని గౌరవించి రెండోదాన్ని వట్టి కల అని పక్కన పెట్టడం నాకు న్యాయంగా అనిపించదు.

రొకేయా ఊహించిన స్త్రీల దేశంలో జనానా లేదు, మర్దానా ఉంది. మగవాళ్ళు లోపల ఉంటారు. స్త్రీల విశ్వవిద్యాలయాలు రెండు. ఒకటి మేఘాల నుంచి నీళ్ళు పట్టే విద్య కనిపెడితే, మరొకటి సూర్యుడి వేడిని ఒడిసిపట్టింది. వంట ఆ వేడితోనే. పొగ లేదు, బొగ్గు లేదు. కూరగాయల తోట మధ్యలో వంటిల్లు. చూడటానికి అతిథి వస్తోందని అక్కడున్న మగవాళ్ళని తప్పుకోమంటారు! శాస్త్రం ఎవరి పని తగ్గించాలి అన్న ప్రశ్నని ఇంత నవ్వుతూ అడిగిన రచన అరుదు. అయినా అక్కడ కూడా ఒక రాణి ఉంది. గోడ కూలలేదు, లోపలున్నవాళ్ళు మారారంతే.

రెండోది 1973లో వచ్చిన 'ద విమెన్ మెన్ డోంట్ సీ'. రచయిత పేరు జేమ్స్ టిప్‌ట్రీ జూనియర్. ఇందులో ఒక ప్రభుత్వోద్యోగిని, ఆమె కూతురు గ్రహాంతరవాసులతో భూమిని వదిలి వెళ్ళిపోతారు. కథ చెప్పే మగవాడికి వాళ్ళెందుకు వెళ్ళారో బోధపడదు. టిప్‌ట్రీ రచనలో తప్పనిసరిగా మగతనం ఉందని రాబర్ట్ సిల్వర్‌బర్గ్ 1975లో ముందుమాట రాశాడు. 1977 నాటికి అసలు సంగతి బయటపడింది. టిప్‌ట్రీ అంటే ఆలిస్ షెల్డన్ అనే స్త్రీ. పేరు మారితే విమర్శకుడి చూపు ఎలా మారుతుందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

మూడోది ఆక్టేవియా బట్లర్ 'కిండ్రెడ్' (1979). 1976లో కాలిఫోర్నియాలో ఉన్న డానా అనే నల్లజాతి రచయిత్రి, తన ప్రమేయం లేకుండానే పందొమ్మిదో శతాబ్దపు మేరీలాండ్‌లోని ఒక బానిస తోటలోకి పదే పదే లాగబడుతుంది. అక్కడ ఆమె బతకడం నేర్చుకునేది వంటశాలలో. వంటమనిషి సారా కొడుకులని యజమానులు అమ్మేశారు. మిగిలింది మాట రాని కూతురు ఒక్కతే. ఆ కూతురిని కూడా అమ్మేస్తారన్న భయమే సారాని అణచి ఉంచుతుంది. బట్లర్ తల్లి ఇళ్ళల్లో పనిచేసేది. ఆమె వెనకగుమ్మంలోంచి లోపలికి వెళ్ళడం బట్లర్ చిన్నప్పుడు చూసింది. తలవంచి బతికిన ఆ తరాన్ని పిరికివాళ్ళనడం ఎంత తేలికో, ఆ స్థానంలో ఒక్క రోజు నిలబడటం ఎంత కష్టమో ఈ నవల చూపిస్తుంది. డానా చివరిసారి తిరిగి వచ్చేటప్పుడు ఎడమచెయ్యి పోగొట్టుకుంటుంది. కాలంలో ప్రయాణం అనే కల్పన లేకుండా ఆ చరిత్ర ఇంత దగ్గరగా ఒంటికి తగిలేది కాదు.

రొకేయా స్త్రీ పురుషుల మధ్య పనిని తిరగేసింది. బట్లర్ ఇంకో అడుగు వేసి, ఒక స్త్రీ చదువూ విశ్రాంతీ మరో స్త్రీ చాకిరీ మీద ఎలా నిలుస్తాయో అడిగింది. కులమూ వర్గమూ వంటింట్లోకి ఎవరిని రానిస్తాయో, ఎవరిని వెనకగుమ్మం దగ్గరే ఆపుతాయో తెలిసిన మనకి ఈ ప్రశ్న కొత్తది కాదు.

అందుకే నేనిప్పుడు ఏ ఊహాలోకపు కథ చేతికొచ్చినా యంత్రాల కంటే ముందు ఒకటి వెతుకుతాను. అక్కడ వంట ఎవరు చేస్తున్నారు? అంట్లు ఎవరు తోముతున్నారు? జవాబు లేని కథలో రచయిత ఎన్ని నక్షత్రాలు దాటినా ఇల్లు మాత్రం పాతదే. మీరు చదివినవాటిలో ఈ ప్రశ్నకి జవాబు చెప్పిన రచనలేమైనా ఉంటే, ముఖ్యంగా మన భాషలో ఉంటే, తప్పక రాయండి. కలిసి చదువుదాం.